ఎర్ర గీతల పొట్లం

పోయినవారం మిమ్మల్ని నా గుమ్మం ముందే నిలబెట్టి పోయాను. అప్పటికి లోపలికి అడుగుపెట్టే ధైర్యం నాకే లేదు, మిమ్మల్ని ఎక్కడ తీసుకెళ్ళేది? శనివారం పొద్దున కూరగాయలకని వెళ్ళి, చంకలో సొరకాయతో మెట్లెక్కి వచ్చేసరికి నేను తాళం వేసుకుని వెళ్ళిన తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం పక్కన ఒక జత చెప్పులు. ఎడమ చెప్పుకు వేరే రంగు దారంతో కుట్టు వేసి ఉంది. ఆ కుట్టు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, అవి మా అమ్మ చెప్పులు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నా పేరు చైత్ర. ముప్పై నాలుగేళ్ళు. యలహంక పాత ఊళ్ళో బట్టల కొట్టు వెంకటేశప్ప కూతుర్ని. కంపెనీలో నా కింద ఒక టీమే ఉంది కానీ, పోయిన వేసవి దాకా గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలో నాకు తెలియదు. అన్నీ అమ్మే చూసేది. అన్నీ అంటే నిజంగా అన్నీ.

మా ఇంట్లో నెలనెలా ఆ మూడు రోజులు ఆడవాళ్ళు వెనక వసారాలో కూర్చోవాలి. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ చెప్పిన కాలంలో నేను ఆ వసారాలో నీళ్ళ మోటారు పక్కన కూర్చుని మీటింగులు నడిపాను. మోటారు వేసినప్పుడల్లా ఏమిటా మోత అని అవతలివాళ్ళు అడిగేవాళ్ళు. రోడ్డు పని జరుగుతోందని చెప్పేదాన్ని. ఒకరోజు కూరగాయలమ్మే అక్కయమ్మ వెనక గేటులోంచి తొంగి చూసి, ఏమి చైత్రమ్మా ఈసారి ముందే కూర్చున్నావే అంది. తక్కెడలో వంకాయలు తూస్తూ అంది. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ సాయంత్రమే ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

పెళ్ళి కాకుండా ఆడపిల్ల ఇల్లు దాటడమేమిటని అమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. నాయన ఒక్కడే నా పక్షాన నిలిచాడు. హూడిలో తనకు తెలిసినవాళ్ళ ఇల్లుంది, పైన ఒక గది, వంటిల్లు, వెనక గిన్నెలు కడుక్కునే చోటు, పాప అక్కడైతే భయం లేదు అని అమ్మకు నచ్చజెప్పాడు. ముప్పై నాలుగేళ్ళ నన్ను ఆయన ఇంకా పాపా అనే పిలుస్తాడు. ఆరోజు ఆ పిలుపుకు నాకు ఏడుపొచ్చింది. ఈ ముక్క కొంచెం గుర్తుంచుకోండి, దీంతో పని పడుతుంది.

ఇక లోపలికి పోదాం.

ఇల్లంతా కాఫీ వాసన. అమ్మ నా మంచం మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గ్లాసు. బట్టల అలమారా తలుపు తీసి ఉంది, స్నానాలగది తలుపు తీసి ఉంది, సింకు కింద నేను సబ్బులూ చీపుర్లూ దాచుకునే చిన్న గూడు కూడా తీసి ఉంది. అమ్మ ఒళ్ళో నా శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్టు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

తలుపెవరు తీశారని అడిగాను. గౌరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉండాది కదా అంది, అదొక విషయమే కానట్టు. గౌరమ్మ మా ఇంటి యజమానురాలు, కింద ఉంటుంది. సొరకాయ కింద పెట్టాను. అమ్మ ప్యాకెట్టు పైకెత్తి చూపించింది.

"సీలు కూడా విప్పలేదు చైత్రా. ఈ నెల నువ్వు బయట కూర్చోలేదంట. ఏమి సంగతి?"

నేను బయట కూర్చోవడానికి ఇక్కడ వసారా ఎక్కడుందని అడగబోయాను. కూర్చోలేదంట. ఆ "అంట" ఎక్కడి నుంచి వచ్చింది? నా ఒంటి సంగతి అమ్మకు కబురెవరు చేరవేశారు?

ఇక్కడ మా వీధి చెత్త గురించి కొంచెం చెప్పాలి. అసహ్యపడకండి, పడాల్సిన చోటు ముందుంది. పొద్దున్నే చెత్త బండి వస్తుంది. తడి చెత్త ఒక బకెట్టులో, పొడి చెత్త ఒక సంచిలో ఇవ్వాలి. ఆడవాళ్ళు వాడిపారేసేవి మాత్రం విడిగా పాత పేపరులో చుట్టి, పొట్లం మీద ఎర్రగా అడ్డగీతలు గీసి పెట్టాలి. ఆ గుర్తు చూస్తే పనివాళ్ళు విప్పకుండా పక్కన వేసుకుంటారు. ఎవరూ విప్పి చూడకూడదనే ఆ గుర్తు.

మా ఇంట్లో ఈ పనులన్నీ అమ్మే చూసుకునేది కాబట్టి ఇవన్నీ నాకు కొత్త పాఠాలు. మొదటి వారం అన్నీ ఒకే సంచిలో కుక్కి తిట్లు తిన్నాను. తర్వాత నేర్చుకున్నాను. ఎర్ర స్కెచ్ పెన్ను కొనుక్కుని, స్కేలు పెట్టి మరీ గీతలు గీసేదాన్ని. నవ్వుకోండి. సొంతంగా ఒక ఇల్లు నడపడం వచ్చేసిందని ఆ గీతలు చూసుకుని మురిసిపోయేదాన్ని. నువ్వు ఆఫీసుకు పోతావు, బండి వచ్చినప్పుడు చెత్త నేనిస్తాలే తల్లీ, మెట్ల కింద పెట్టి పో అని గౌరమ్మ తనంతట తానే అంది. మంచిమనిషి దొరికిందనుకున్నాను.

ఈ నెల పొట్లం ఎందుకు రాలేదో కూడా ఇప్పుడే చెప్పేస్తాను, మీ దగ్గర నాకు దాపరికం లేదు. ఆఫీసులో నా పక్క సీటు జరీనాది. కర్నూలు పిల్ల, ఏది మాట్లాడినా గొంతు తగ్గించదు. ఇంకా ఆ ప్యాడ్లేంటి అక్కా, కప్పు వాడు అని వెంటపడి నా చేత కొనిపించింది. మెత్తటి సిలికాన్ కప్పు. లోపల పెట్టుకోవాలి, తీసి కడిగి మళ్ళీ వాడుకోవాలి, నెల పని అయ్యాక నీళ్ళలో మరిగించి ఆరబెట్టుకోవాలి. మొదటిసారి స్నానాలగదిలో చెమటలు కక్కాను. కుదిరాక మాత్రం, ఇంజనీరింగు పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు. మరిగించడానికని అర లీటరు స్టీలు గిన్నె విడిగా కొన్నాను. వంటగిన్నెల్లో కలిసిపోకుండా దాని కాడకు ఎర్ర దారం చుట్టి, వెనక గూట్లో బోర్లించి పెట్టుకున్నాను. అంతే కథ. చెత్త లేదు, పొట్లం లేదు, గీతలు లేవు.

గీతలు లేకపోయేసరికి యలహంకలో మా అమ్మకు నిద్ర కరువయింది.

ఎవరు చెప్పారని మళ్ళీ అడిగాను. అమ్మ జవాబు చెప్పే పని లేకుండా గౌరమ్మే మెట్లెక్కి వచ్చింది, చేతిలో కాఫీ గ్లాసుతో. అది నా గ్లాసే. అప్పుడే కింద కూర్చుని సగం తాగినట్టుంది. ఎవరి ఇంట్లోనో తగువు జరుగుతుంటే వినడానికి వచ్చినవాళ్ళ ముఖంలో ఒక తేట ఉంటుంది చూడండి, అది ఆమె ముఖంలో ఉంది. కోపం చేసుకోవద్దు తల్లీ, పెద్దవాళ్ళు నీ మంచికే చేస్తారు అంటూ తలుపుకు ఆనుకుని నిలబడింది.

నేను ఆమెనే సూటిగా అడిగాను. ఆమె దాచలేదు. దాచాల్సిందేమైనా ఉందని ఆమెకు తోచనే లేదు.

"ఎర్ర గీతలది వస్తే వచ్చిందని మీ అమ్మకు ఒక ఫోను కొట్టేదాన్ని, అంతే కదా. ఒక్కోసారి విప్పి చూసేదాన్ని, నిజంగా ఉండాదా, సుమ్నే ఉత్త పేపరు చుట్టి పెట్టిందా అని. చేతికి కవరు తొడుక్కొనే చూస్తాను చైత్రమ్మా, ఒట్టి చేతులు పెట్టను."

చేతికి కవరు తొడుక్కునే. ఆ శుభ్రతకు ఆమెకు దండం పెట్టాలి కాబోలు. మెట్ల కింద బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, నా పొట్లం విప్పి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ చుట్టి, ఎర్ర గీతలు పైకి వచ్చేలా సర్దిపెట్టిన మనిషి నా కళ్ళ ముందు నిలబడి నా గ్లాసులో కాఫీ తాగుతోంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినప్పుడు ఇదే మనిషి నా చెయ్యి పట్టుకుని తిన్నావా తల్లీ అని అడిగేది. ఆ వేళ్ళు గుర్తొచ్చి నా చెయ్యి చుడిదారుకు తుడుచుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈమె కళ్ళు తెరుచుకునే తాగింది, పైగా రుచి ఎలా ఉందో పక్క ఊరికి చెప్పింది.

తడి బకెట్టు కూడా వదల్లేదట. గుడ్డు పెంకులు కనిపించాయట. మా ఇంట్లో గుడ్డు గడప దాటి రాదు, ఆ కబురు అమ్మకు ముందే చేరింది. ఆఫీసులో నాతో పనిచేసే శామ్యూల్ ఒక ఆదివారం వచ్చి నాకు గ్యాసు సిలిండరు మార్చడం నేర్పి వెళ్ళాడు, అదీ చేరింది. గుడ్డు పెంకులూ, శామ్యూలూ, రాని పొట్లమూ కలిపి అమ్మ ఒక కథ అల్లుకుని ఉంది. ఆ కథకు ముగింపు నా కడుపులో ఉందని నమ్ముతోంది.

"నిప్పు లేకుండా పొగ రాదు చైత్రా. ఆ శామ్యూలేనా? చెప్పేయి. నేను కొట్టను, తిట్టను. డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అంది అమ్మ. నా మీద జాలిపడుతోంది. తిట్టి ఉంటే అంత రోత పుట్టేది కాదు.

ఒక్క మాట చాలు. నా ఆఫీసు బ్యాగులోంచి కప్పు తీసి ఆమె ఒళ్ళో పడేస్తే అనుమానం ఆ నిమిషమే తీరిపోతుంది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఈ నెల చెప్పానంటే వచ్చే నెలా చెప్పాలి. వచ్చింది, రాలేదు, ముందొచ్చింది, ఆలస్యమైంది అని మళ్ళీ నెలనెలా అప్పజెప్పాలి. వసారాలోంచి లేచి వచ్చింది ఎందుకట? పోయేది నా పరువే అయితే పోనీ. నా ఒంటి లెక్క మాత్రం ఈ మంచం మీద కూర్చున్న మనిషికి చెప్పను. ఆ మాటే అన్నాను.

"నీకు చెప్పేదేమీ లేదమ్మా. అనుకునేది అనుకో. ముందు ఆ తాళంచెవి ఇచ్చి కిందికి పొమ్మను ఈమెను."

గౌరమ్మ కదల్లేదు. ఆమెకు ఇంకో మాట మిగిలి ఉంది. నా మీద ఎగరొద్దమ్మా, నాకేమైనా సరదానా, ఇల్లిచ్చే రోజు మీ నాయన మా ఆయన చేతులు పట్టుకొని చెప్పబట్టే కదా ఇదంతా అంది.

అబద్ధమనుకున్నాను. అంతలో మెట్ల మీద దగ్గు వినిపించింది. మా నాయన దగ్గే. అమ్మను ముందు పంపి, సామానుతో తను వెనక ఇంకో ఆటోలో వచ్చాడు. ఒక చేతిలో ఊరగాయ జాడీ, ఇంకో చేతిలో అమ్మ బట్టల సంచి. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు. నేను ఏమీ అడగక ముందే ఆయన చూపు నేలకు దిగింది. అప్పుడే నాకు అర్థమైంది.

అయినా ఆయన నోటితోనే వినాలనిపించింది. ఈమె చెప్పేది నిజమా నాయనా అని అడిగాను. పాప మీద ఒక కన్నేసి ఉండమన్నాను, చెత్త విప్పమని నేను చెప్పలేదప్పా అన్నాడు గౌరమ్మ వైపు తిరిగి. మరి ప్రతి నెలా అమ్మకు ఫోను వచ్చేది నీకు తెలుసా తెలియదా అన్నాను. ఊరగాయ జాడీ మూత సర్దాడు.

"మీ అమ్మ చెప్తా ఉండె. బిడ్డ బాగుండాదని నాకూ ఒక నిమ్మళం" అన్నాడు. తర్వాత, నేను వినకూడదనుకున్న ఆ మాట అన్నాడు. "అయినా పాపా, మనింట్లో ఉన్నప్పుడు అందరికీ తెలిసేదే కదా. ఇప్పుడు కొత్తగా దాచేదేముండాది?"

కంచే చేను మేసిందంటే ఇదే. నెలనెలా కొట్టు మూసి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని మా నాయన ఈ వార్త విన్నాడు. విని, నిమ్మళంగా పప్పు కలుపుకున్నాడు. మా తమ్ముడు యశ్వంత్ ఇరవై రెండేళ్ళకే ఉద్యోగమని పుణె వెళ్ళాడు. వాడి చెత్తబుట్టకు ఎవరినీ కాపలా పెట్టలేదు. వాడు ఇల్లు వదిలితే పెద్దవాడయ్యాడన్నారు. నేను వదిలితే వసారాను ఇంకొంచెం పొడుగు చేసి హూడి దాకా తెచ్చారు, అంతే. నేను ఇన్నాళ్ళూ నా ఇల్లనుకుని ముగ్గులేసుకున్నది దాని చివర. నాకు మా నాయన మీద అసహ్యం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వేసింది.

ముగ్గురినీ వెళ్ళిపొమ్మన్నాను. గట్టిగా అరవలేదు, తలుపు చూపించాను. నాయన సంచితో వెనక్కి తిరగబోయాడు. అమ్మ ఆ సంచి లాక్కుని మంచం మీద పెట్టుకుంది. అందులోంచి ఒక చీర తీసింది, తువ్వాలు తీసింది, తన దేవుడి పటం తీసింది. పటాన్ని నా లాప్‌టాప్ పక్కన నిలబెట్టింది.

"నువ్వు చెప్పకపోతే పో. నాకేమి అవసరం? వచ్చే నెల నా కండ్లతో చూసేదాక నేను ఈడనే ఉంటా. చూసినానా, ఆ రోజే పోతా. చూడలేదా, నిన్ను ఎత్తుకొని పోతా యలహంకకు."

ఆమె అన్నదంటే చేస్తుంది. నెలరోజులు. నా మంచం మీద పడుకుంటుంది, నేను స్నానాలగదిలోకి వెళ్తే బయట నిలబడుతుంది, నా చెత్త ఇక మెట్ల కిందికి పోవాల్సిన పని కూడా లేదు. నేను గోడకు చేరగిలబడ్డాను.

అది చూసి దారికి వచ్చాననుకున్నట్టుంది. అమ్మ లేచి నా తల నిమిరింది. గొంతు మార్చి, ఎండలో తిరిగొచ్చినావు కూర్చో, కాఫీ ఇస్తానంది. గౌరమ్మను ఇంకో గుక్క తాగమంది. నాయనకు కుర్చీ చూపించింది. అది నా ఇల్లు, నేను గోడకు నిలబడి ఉన్నాను, వాళ్ళు అతిథి మర్యాదలు చేసుకుంటున్నారు. వంటింట్లోకి వెళ్తూ అమ్మ అక్కడి నుంచే మాట్లాడింది.

"నీ వంటగిన్నెల్లో కాచలేదులే. గుడ్లు ఉడకబెట్టినవాటిని చూస్తేనే నాకు బేజారు. వెనక గూట్లో దారం చుట్టి విడిగా బోర్లించి పెట్టినావే, దాంట్లో కాచినా. దేవుడికి పాలు కాచే గిన్నె కదా అది? దాన్ని చూసి నాకు కండ్లలో నీళ్ళొచ్చినాయి చైత్రా. ఎంత చెడినా ఈ మాత్రం మడి మిగిలిందే బిడ్డకు అని కండ్లకద్దుకొని మరీ పొయ్యి మీద పెట్టినా."

ఆ మాటలు నా చెవులకు చేరాయి కానీ లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. కాడకు నా ఎర్ర దారం అలాగే ఉంది. దారం మీద కొత్తగా కుంకుమ బొట్టు కూడా ఉంది.

ఆ గిన్నెలో మురికేమీ లేదు. మరుగుతున్న నీళ్ళు తప్ప దానికి వేరే పని లేదు, గౌరమ్మ వేళ్ళ కంటే అది వెయ్యి రెట్లు శుభ్రం. ఆ సంగతి నాకు తెలుసు. కానీ వసారాలో నేను తాగిన చెంబును పసుపునీళ్ళు చల్లి గానీ ముట్టుకోని మా అమ్మ, నేను బయట ఉన్న రోజుల్లో నా నీడ పడిందని పప్పు పారబోసిన మా అమ్మ, ఆ గిన్నెను కళ్ళకద్దుకుని ఒక గ్లాసు కాఫీ తాగి కూర్చుంది. గౌరమ్మ రెండోసారి గ్లాసు చాచింది. అమ్మ పోసింది. గౌరమ్మ ఊది ఊది తాగుతూ, డికాషన్ బాగా దిగిందమ్మా అంది.

చెప్పానంటే అనుమానం తీరిపోతుంది. అమ్మ ఈ ఇంట్లో నెలరోజులు కాదు కదా, ఒక్క నిమిషం ఉండదు. సంచి కూడా తీసుకోకుండా దిగి వెళ్తుంది. కానీ మళ్ళీ జన్మలో నా చేతి నీళ్ళు ముట్టుకుంటుందో లేదో నాకు తెలియదు. పైగా చెప్పనని ఇంతసేపూ పంతం పట్టింది నేనే. చెప్పకుండా ఉండిపోతే, ముగ్గురూ తాగి మూతులు తుడుచుకుంటే, నా అసహ్యానికి ఈ లోకంలో ఇంతకంటే మంచి బదులు ఎవరూ ఇవ్వలేరు. నిజం చెబుతున్నాను, గౌరమ్మ గుటక వేస్తుంటే నాకు లోపల సంతోషంగానే ఉంది.

అప్పుడు అమ్మ నాయన వైపు తిరిగింది. నాకు సగం చాలు అంటూ ఆయన గ్లాసు అందుకున్నాడు. నన్ను చూసే ధైర్యం లేక గ్లాసులోకే చూస్తున్నాడు. గ్లాసు ఆయన పెదవుల దాకా వెళ్ళింది.

"నాయనా, అది తాగొద్దు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. గ్లాసు ఆగిపోయింది. గౌరమ్మ గుటక మధ్యలో నిలబడిపోయింది. అమ్మ తన చేతిలోని గిన్నెను, దాని కాడకున్న ఎర్ర దారాన్ని, నా ముఖాన్ని వరసగా చూసింది.

"ఎందుకు?" అంది. "ఇది దేవుడి గిన్నె కాదా?"